కుచ్చుబల్లికి భీమ్‌గల్ ఎండ పడుతుందా?

గోడ మీద బల్లి కనిపిస్తే చీపురు తిరగేసి తోలేస్తాం. అలాంటిది డబ్బిచ్చి బల్లిని కొనుక్కొచ్చి, గాజుపెట్టెలో పెట్టి, వేళకు తిండి కలిపి పెట్టేవాళ్లు కూడా ఉంటారా? ఉంటారు. నిజామాబాద్ జిల్లాలో భీమ్‌గల్, కమ్మర్‌పల్లి, ఆర్మూర్ వైపు గల్ఫ్‌కో అమెరికాకో పోయినవాళ్లు లేని వాడ అరుదు. అమెరికాలో జంతువుల దుకాణానికి వెళ్తే చిలుకలు, చేపల పక్కనే బల్లులనూ అమ్మకానికి పెడతారు. ఫోన్‌లో వాటిని చూసిన ఇక్కడి పిల్లలకు వెంటనే వచ్చే సందేహం ఒకటే: మనం తెచ్చుకుంటే బతుకుతుందా?

బల్లి మన మీద పడితే మనకేమవుతుందో పంచాంగంలోని బల్లిశాస్త్రం చెబుతుంది. ఏ అవయవం మీద పడితే ఏ ఫలమో వరుసగా రాసి ఉంటుంది. ఇక్కడ దాన్ని తిరగేసి అడుగుదాం. బల్లి మన చేతిలో పడితే దానికేమవుతుంది? అందుకు ప్రపంచమంతా మోజుపడి పెంచుకుంటున్న ఒక బల్లి పిల్లను తీసుకుందాం. దాని పేరు క్రెస్టెడ్ గెకో. కళ్ల మీద నుంచి మెడ దాటి వీపు దాకా మెత్తటి ముళ్ల వరస కుచ్చులా ఉంటుంది కాబట్టి మనం కుచ్చుబల్లి అనుకుందాం.

ఎక్కడి బల్లి?

ఆస్ట్రేలియాకు తూర్పున, పసిఫిక్ మహాసముద్రంలో న్యూ కాలెడోనియా అనే దీవులున్నాయి. ఫ్రాన్స్ ఏలుబడిలోని ప్రాంతం. అక్కడి పెద్ద దీవి దక్షిణ కొసలోనూ, దాని కిందుగా ఉన్న ఇల్ దే పాన్ అనే చిన్న దీవిలోనూ, చుట్టుపక్కల లంకల్లోనూ తప్ప కుచ్చుబల్లి భూమ్మీద ఇంకెక్కడా సహజంగా లేదు. ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు ఆల్ఫోన్స్ గిషెనో 1866లో దీన్ని వర్ణించి కొరెలోఫస్ సిలియాటస్ అని పేరు పెట్టాడు. తర్వాత చాలాకాలం ఎవరి కంటా పడకపోవడంతో ఈ జాతి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1994లో రాబర్ట్ సైప్ అనే జర్మన్ నాయకత్వంలో వెళ్లిన బృందానికి, ఒక తుఫాను వెలిసిన తర్వాత, ఇల్ దే పాన్‌లో మళ్లీ కనిపించింది. అక్కడి నుంచి కొన్నింటిని తెచ్చి ఐరోపాలో, అమెరికాలో పిల్లల్ని పుట్టించారు. ఇప్పుడు న్యూ కాలెడోనియా నుంచి వీటిని బయటికి తీసుకెళ్లడం నిషేధం. దుకాణాల్లో అమ్మేవి దాదాపు అన్నీ పెట్టెల్లో పుట్టి పెరిగిన వంశాలే.

పుట్టినచోట మాత్రం దాని బతుకు చల్లగా లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ముప్పులో ఉన్న జాతిగా లెక్కగట్టింది. మనుషుల వెంట దీవులకు చేరిన ఎలుకలు, పిల్లులు ఒక కారణమైతే, దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడ్డ చిన్న నిప్పుచీమ మరో కారణం. బల్లికి చీమ గండం ఏమిటనుకుంటే పొరపాటు. చీమల సంగతి భీమ్‌గల్ ఇంట్లోనూ మళ్లీ వస్తుంది.

రూపానికి వస్తే, ఎదిగిన కుచ్చుబల్లి ముక్కు నుంచి తోక కొస దాకా జానెడుంటుంది, బరువు 35 నుంచి 50 గ్రాములు. మన గోడబల్లిలాగే దీనికీ కనురెప్పలు లేవు. కంటి మీద పారదర్శకమైన పొర ఉంటుంది, దాన్ని నాలుకతో నాకి శుభ్రం చేసుకుంటుంది. గాజు మీద కూడా జారకుండా పాకుతుంది. కాళ్లలో జిగురేమీ లేదు. వేళ్ల కింద కంటికి ఆనని వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి, ఒక్కో వెంట్రుక చివర ఇంకా సన్నగా చీలిపోయి ఉంటుంది. ఆ కొసలు గోడకు మరీ దగ్గరగా చేరినప్పుడు అణువుకూ అణువుకూ మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణే, లక్షల చోట్ల కలిసి, బల్లి బరువును మోస్తుంది. కెల్లర్ ఆటమ్ బృందం 2000లో టోకే అనే పెద్ద బల్లి కాలి వెంట్రుక ఒక్కటి ఎంత బలంతో పట్టుకుంటుందో కొలిచి చూపింది. కుచ్చుబల్లికి అదనంగా తోక కొసన కూడా ఇలాంటి పట్టు ఉంది.

పొయ్యి ఒంట్లో లేదు, ఊళ్లో ఉంది

భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 19 డిగ్రీల దూరంలో ఉంది భీమ్‌గల్. ఇల్ దే పాన్ దక్షిణంగా 22 డిగ్రీలు దాటి ఉంది. సూర్యుడి లెక్కన చూస్తే రెండూ ఒకే తరహా ఊళ్లు. అయినా ఒకచోట హాయిగా బతికే బల్లి రెండోచోట ఎందుకు అల్లాడుతుంది? తేడా సముద్రంలో ఉంది. నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. చుట్టూ నీళ్లున్న దీవిలో ఎండాకాలం ముదరదు, చలికాలం బిగుసుకోదు. న్యూ కాలెడోనియా రాజధాని నుమియాలో బాగా వేడిగా ఉండే నెలల్లో కూడా పగటి ఉష్ణోగ్రత సగటున 29 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. చలి నెలల్లో రాత్రిళ్లు 17 దగ్గర ఉంటుంది. దక్కను పీఠభూమి నడుమ, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, రాతి గుట్టల మధ్య ఉన్న భీమ్‌గల్‌కు ఆ భాగ్యం లేదు. మే నెలలో పగలు 42 దాటడం మామూలే, కొన్నేళ్లు 45 కూడా చూశాం. ఊరి దగ్గరి లింబాద్రి గుట్ట బండలు పొద్దు గూకాక కూడా గంటలకొద్దీ వేడి వదులుతూనే ఉంటాయి.

మనకైతే ఎండైనా చలైనా లోపలి వేడి 37 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. అందుకోసం తిన్నదాంట్లో చాలా భాగం ఖర్చుచేస్తాం. బల్లి ఆ ఖర్చు పెట్టుకోదు. దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలి, గోడ, కొమ్మ ఎంత వేడిగా ఉంటే అంతే. అందుకే అంతే బరువున్న చిట్టెలుకకు కావలసిన తిండిలో సుమారు పదో వంతుతో బల్లి గడిపేస్తుంది. ఈ పొదుపుకు అది చెల్లించే మూల్యం ఒకటుంది. తిండి అరగడం, రోగాన్ని తట్టుకోవడం, ఎదగడం, అన్నీ బయటి ఉష్ణోగ్రత చెప్పినట్టు నడుస్తాయి. కుచ్చుబల్లికి 22 నుంచి 26 డిగ్రీల మధ్య అన్నీ సవ్యంగా సాగుతాయి. 28 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 30 దాటి గంటలకొద్దీ నిలిస్తే ప్రాణం మీదికొస్తుంది. 18 కన్నా బాగా తగ్గితే కడుపులో పడింది అరగక అలాగే ఉండిపోతుంది.

పిల్ల విషయంలో ఇది ఇంకా కఠినం. గుడ్డులోంచి వచ్చిన కుచ్చుబల్లి పిల్ల బరువు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు. ఒళ్లు ఎంత చిన్నదైతే, బరువుతో పోల్చినప్పుడు చర్మం వైశాల్యం అంత ఎక్కువ. వేడి ఆ చర్మం గుండానే లోపలికొస్తుంది, నీరు ఆ చర్మం గుండానే బయటికి పోతుంది. పెద్దబల్లి ఒక పూట తట్టుకునే వేడిని పిల్ల తట్టుకోలేదు.

మరి మన గోడబల్లి 44 డిగ్రీల్లో ఎలా నెగ్గుకొస్తోంది? దాని దేహం కొంత వేడికి అలవాటుపడిందే. అంతకన్నా ముఖ్యం, దానికి ఎంచుకునే వీలుంది. పగలంతా పటం వెనకాలో, పెంకుల సందునో, గోడ నెర్రెలోనో పడుకుని, చీకటి పడ్డాక ట్యూబులైటు దగ్గరికి వస్తుంది. ఒకచోట వేడైతే ఇంకోచోటికి జరుగుతుంది. పెట్టెలో పెట్టిన జంతువుకు ఆ వీలు ఉండదు. మనం ఇచ్చిందే దానికి లోకం. కుచ్చుబల్లి పెంపకమంతా ఈ ఒక్క మాటలో ఉంది: పెట్టె అంటే బల్లి దేహంలో బయట ఉన్న సగం.

పిల్లకు పెట్టె ఎలా ఉండాలి?

చాలామంది చేసేది పెద్ద పెట్టె కొనడం. ఎలాగూ ఎదుగుతుంది కదా, ఒకేసారి కొంటే సరిపోతుందనుకుంటారు. పెద్దబల్లికి 45 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గాజుపెట్టె సరైనదే. రెండు గ్రాముల పిల్లను అందులో వదిలితే తిండి గిన్నె ఎక్కడుందో వెతుక్కోలేదు, వదిలిన పురుగు దానికి దొరకదు, అది తిన్నదో లేదో మనకు తెలియదు. మొదటి నెలల్లో అందులో నాలుగో వంతు ఉన్న చిన్న పెట్టె మేలు. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా అయినా చాలు. ఇది చెట్ల మీద బతికే జాతి కాబట్టి అడుగు వైశాల్యం కన్నా ఎత్తు ముఖ్యం.

అడుగున మెత్తటి కాగితం పరిస్తే సరిపోతుంది. కొబ్బరిపొట్టు, మట్టి పెద్దవాటికి బాగుంటాయి. పిల్ల పురుగు కోసం ఎగబడినప్పుడు వాటినీ మింగేస్తే పేగులో అడ్డం పడవచ్చు. కాగితం మీదైతే రెట్ట కూడా స్పష్టంగా కనిపిస్తుంది, అరుగుదల సంగతి తెలుస్తుంది. లోపల రెండు మూడు సన్నటి కొమ్మలు, బెరడు ముక్క, పగలు దాక్కోడానికి దట్టమైన ఆకులు ఉండాలి. ఆకుల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. మన వసారాల్లో సీసాల్లో పెరిగే మనీప్లాంట్‌నే ప్రపంచమంతా ఈ పెట్టెల్లో వాడుతున్నారు. తడిని తట్టుకుంటుంది, తక్కువ వెలుతురులో బతుకుతుంది, ఆకులు బల్లి బరువు మోస్తాయి.

తర్వాతది తేమ. సాయంత్రం ఒకసారి, అవసరమైతే పొద్దున ఒకసారి నీళ్లు తుంపర్లుగా చల్లాలి. ఆకుల మీద నిలిచిన చుక్కల్ని బల్లి నాకి తాగుతుంది. గిన్నెలో నీళ్లున్నా చాలా పిల్లలు చుక్కల్నే ఇష్టపడతాయి. రాత్రి గాలిలో తేమ 80 శాతం దాకా పెరిగి, పగలు 50 దగ్గరికి దిగాలి. ఈ దిగడం కూడా పెరగడమంత ముఖ్యమే. ఎప్పుడూ తడిగా ఉంటే బూజు పడుతుంది, చర్మానికీ ఊపిరితిత్తులకూ జబ్బులు వస్తాయి. ఎప్పుడూ పొడిగా ఉంటే కుబుసం సరిగా ఊడదు. వేళ్ల చుట్టూ పాత చర్మం బిగుసుకుని రక్తం ఆడక వేలే ఊడిపోవచ్చు.

ఎండ తగిలితే మంచిదని పెట్టెను కిటికీ దగ్గర పెట్టడం ప్రమాదం. వెలుగు గాజు గుండా లోపలికి వెళ్లి, లోపలి వస్తువుల మీద పడి వేడిగా మారుతుంది. ఆ వేడి అంత తేలిగ్గా బయటికి రాదు. గది 27 డిగ్రీలున్నా పెట్టె 35కు చేరుతుంది. పోనీ ఎండలోని మేలైనా దక్కుతుందా అంటే అదీ లేదు. చర్మంలో విటమిన్ డి తయారుచేసే అతినీలలోహిత కిరణాలను మామూలు కిటికీ గాజు చాలావరకు ఆపేస్తుంది. అవి కావాలంటే అందుకోసమే తయారైన తక్కువ శక్తి దీపం పైనుంచి జాలీ గుండా పడేలా పెట్టాలి, పన్నెండు గంటలు వెలిగించి పన్నెండు గంటలు ఆర్పాలి.

మన ఇళ్లకే ప్రత్యేకమైన రెండు గండాలున్నాయి. మొదటిది చీమలు. తియ్యటి తిండి గిన్నె పెట్టిన అరగంటలో ఎర్రచీమలు బారులు కడతాయి. తిండితో ఆగవు, కదలకుండా ఉన్న పిల్లనూ కుడతాయి. పెట్టె ఉన్న బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడమే దీనికి మందు. చీమలమందు చల్లకూడదు. రెండోది దోమల మందు. కాయిల్ అయినా, కరెంటుకు తగిలించే సీసా అయినా కీటకాలను చంపేందుకు చేసినవే, చిన్న సరీసృపాలకూ హాని చేయగలవు. బల్లి ఉన్న గదిలో దోమతెరే కట్టుకోవాలి.

తిండి: ఎముకల లెక్క

కుచ్చుబల్లి అడవిలో మాగిన పండ్లు, పూల తేనె, పురుగులు తింటుంది. తల్లి గుడ్లు పెట్టాక వెనక్కి తిరిగి చూడదు. పిల్ల మొదటి రోజు నుంచీ తన తిండి తానే వెతుక్కోవాలి. ఒకటిన్నర, రెండేళ్లలో దాని బరువు ఇరవై రెట్లవుతుంది. అంత ఒంటిని నిలబెట్టే ఎముకలు ఎక్కడి నుంచి వస్తాయి? తిన్న తిండిలోని కాల్షియం నుంచి. పెంపకంలో పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

కాల్షియం ఎముకకే కాదు, కండరం కదలడానికీ గుండె కొట్టుకోవడానికీ కావాలి. కాబట్టి రక్తంలో దాని మోతాదు తగ్గడాన్ని దేహం ఒప్పుకోదు. తిండిలో రానప్పుడు ఎముకలోంచి తీస్తుంది. గుమ్మిలో వచ్చే పంటకు దాచిన విత్తనపు వడ్లుంటాయి. కరువొచ్చిన ఇల్లు ఆ వడ్లనే దంచుకుని తింటుంది. ఆ పూట పొయ్యి వెలుగుతుంది, పొగ చూసినవాళ్లు ఈ ఇంట్లో లోటేమీ లేదనుకుంటారు. గుమ్మి బయటికి నిండుగానే కనిపిస్తుంది. తొలకరి పడి విత్తాల్సినప్పుడు చెయ్యి పెడితే అడుగు తగులుతుంది. పిల్లబల్లి ఎముకల్లో జరిగేదీ ఇదే. వారాల తరబడి చురుగ్గానే ఉంటుంది, తింటుంది, పాకుతుంది. ఒకరోజు దవడ మెత్తబడి నోరు మూతపడదు, కాళ్లు వంకరపోతాయి, తోక మెలిక తిరుగుతుంది, ఒళ్లు వణుకుతుంది. అప్పటికి గుమ్మి ఖాళీ అయి చాలా రోజులైంది. మందులతో ఇంకా క్షీణించకుండా ఆపవచ్చు గాని, వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు.

ఈ లెక్కలో రెండో పద్దు భాస్వరం. తిండిలో భాస్వరం ఎక్కువైతే కాల్షియం ఒంటికి పట్టదు. భాస్వరానికి రెండింతలు కాల్షియం ఉండడం మంచిది. ఇప్పుడు మన పండ్లను చూడండి. వంద గ్రాముల అరటిపండులో కాల్షియం సుమారు 5 మిల్లీగ్రాములు, భాస్వరం 22. మామిడిలో 11, 14. బొప్పాయిలో 20, 10. అంజీర్‌లో 35, 14. పిల్లలు మనసుపడి పెట్టే అరటిపండే అన్నింటికన్నా తలకిందుల లెక్క. బొప్పాయి, అంజీర్ నయం. అయినా ఏ పండూ పూర్తి తిండి కాదు, ఎందుకంటే మాంసకృత్తులు చాలవు. ఇక చక్కెర నీళ్లు, తేనె నీళ్లు అసలు తిండే కాదు. బోధన్ మిల్లులో ఒకప్పుడు తయారైన చక్కెరైనా ఇంకెక్కడిదైనా శక్తినిస్తుంది, ఒక్క ఎముకను కూడా కట్టదు.

అందుకే ఈ బల్లికి సరిపోయేలా పండు, మాంసకృత్తులు, ఖనిజాలు, విటమిన్లు కలిపి పొడిగా తయారుచేసి అమ్ముతారు. ఒక వంతు పొడికి సుమారు రెండు వంతుల నీళ్లు కలిపి, గరిటెజారుగా చేసి, సీసా మూతంత గిన్నెలో పెట్టి, నేల మీద కాకుండా కొమ్మ ఎత్తులో అమర్చాలి. సాయంత్రం పెట్టాలి, ఎందుకంటే అది రాత్రి తిరిగే జీవి. చల్లటి దేశాల్లో ఆ గిన్నెను ఒక రోజు పైగా ఉంచుతారు. మన వేసవిలో కలిపిన తిండి రాత్రికి రాత్రే పులుస్తుంది, పొద్దున్నే తీసేయాలి. పిల్లకు రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ కొత్తగా కలపాలి. మొదట్లో అది తినేది నాలుగైదు నాకుళ్లే. గిన్నె నిండుగా ఉందని కంగారుపడకుండా దాని మీద నాలుక గుర్తులున్నాయేమో చూడాలి.

వారానికి రెండు మూడు సార్లు పురుగులు వేస్తే ఎదుగుదల బాగుంటుంది. సాధారణంగా వాడేది కీచురాళ్లను. పురుగు పొడవు బల్లి రెండు కళ్ల మధ్య ఎడం దాటకూడదు. కీచురాయిలోనూ భాస్వరం కాల్షియం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి వేసే ముందురోజు పురుగుకు కడుపు నిండా ఆకుకూరలు, క్యారెట్ పెట్టి, వేసేముందు కాల్షియం పొడిలో పొర్లించాలి. పాలకూర తప్పించి వేరే ఆకు వాడాలి, అందులోని ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. విటమిన్ డి3 కలిసిన పొడిని చెప్పిన మోతాదులోనే వాడాలి. అది కొవ్వులో నిలవ ఉండే విటమిన్, ఎక్కువైతే విషమవుతుంది. తినగా మిగిలిన కీచురాళ్లను రాత్రంతా వదిలేస్తే అవే పిల్లబల్లిని కొరుకుతాయి.

లైటు కింద రాలిన పురుగుల్ని ఏరి వేద్దామనుకోవద్దు. పసుపు, మక్క చేలలో చల్లిన మందు వాటి ఒంట్లో ఉండవచ్చు. మిణుగురును అసలే పెట్టకూడదు. అమెరికాలో మిణుగురులు తిని, మన తొండల కుటుంబానికి చెందిన పెంపుడు జీవులు గంటల్లో చనిపోయిన ఉదంతాలు నమోదయ్యాయి.

బాగుందని ఎలా తెలుస్తుంది?

గుడ్డు నుంచి వచ్చిన పిల్ల మొదటి కొద్ది రోజులు ఏమీ తినకపోవచ్చు. కడుపులో పచ్చసొన మిగులు ఉంటుంది. మొదటి కుబుసం విడిచి, దాన్నే తినేసి, ఆ తర్వాత ఆకలి చూపిస్తుంది. కొత్త ఇంటికి తెచ్చిన పిల్లను రెండు వారాల పాటు చేత్తో ముట్టకుండా వదిలేయాలి.

ఆరోగ్యం చూడడానికి నమ్మదగిన సాధనం తూకం. బంగారు దుకాణాల్లో వాడేలాంటి, గ్రాములో పదో వంతు చూపే చిన్న త్రాసు ఉంటే వారానికొకసారి మూతున్న డబ్బాలో పెట్టి తూచవచ్చు. అంకె నెమ్మదిగానైనా పెరుగుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. రెండు మూడు వారాలు వరసగా తగ్గితే తిండి మార్చడానికి ముందు ఉష్ణోగ్రత చూడాలి. ఉష్ణమాపకం గది గోడకు కాదు, పెట్టెలో బల్లి పడుకునే ఎత్తులో ఉండాలి. రేకుల ఇల్లైనా స్లాబు ఇల్లైనా వేసవిలో పై అర, కింది అర మధ్య రెండు మూడు డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది.

రెండు పిల్లల్ని ఒకే పెట్టెలో ఉంచితే తోడుగా ఉంటాయనుకోవడం మన ఊహ. బలమైనది తింటుంది, రెండోది ఎండిపోతుంది, తోకలు కొరుక్కుంటాయి. తోక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. భయపడితే మన గోడబల్లీ తోక వదిలేస్తుంది, కుచ్చుబల్లీ వదిలేస్తుంది. గోడబల్లికి లోపల వెన్నుపూసల బదులు మృదులాస్థితో కొత్త తోక మొలుస్తుంది. కుచ్చుబల్లికి ఇక మొలవదు. అడవిలో కనిపించే పెద్దవాటిలో చాలావాటికి తోకే ఉండదు. కాబట్టి అది ప్రాణాంతకం కాదు గాని, పిల్లను గట్టిగా పట్టుకోవద్దనడానికి గుర్తు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బల్లిలో విషం లేదు, కుచ్చుబల్లిలోనూ లేదు, గోడబల్లిలోనూ లేదు. వాటి రెట్టలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అన్నంలో బల్లి పడితే పారేయమనడానికి శాస్త్రీయ కారణం అదే.

భీమ్‌గల్‌లో పెంచవచ్చా?

లెక్క వేసి చూద్దాం. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, బాగా చలి పుట్టే రాత్రులు మినహాయిస్తే, మన గది ఉష్ణోగ్రత కుచ్చుబల్లికి దాదాపు సరిపోతుంది. మార్చి నుంచి ఎండ ముదిరేకొద్దీ ఆ హద్దు దాటిపోతుంది. కూలర్ ఉంది కదా అనవచ్చు. నీరు ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుపోవడం మీద కూలర్ పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి గది బాగా చల్లబడుతుంది, తేమ కూడా పెరుగుతుంది. జూన్‌లో మేఘాలు కమ్మి గాలి తడిసిన రోజు నీరు ఆవిరి కాదు, గది చల్లబడదు, ఉక్క మిగులుతుంది. అంటే ఏసీ తప్పదు. ఏసీ గాలిని ఆరబెడుతుంది కాబట్టి నీళ్లు చల్లడం పెంచాలి. మధ్యాహ్నం కరెంటు పోయి రెండు గంటలు రాకపోతే రెండు గ్రాముల పిల్లకు అవే చివరి గంటలు కావచ్చు. ఇన్వర్టర్ సాధారణంగా ఫ్యాన్లకు, లైట్లకు సరిపోతుంది, ఏసీని మోయదు. గడ్డకట్టిన నీళ్ల సీసాను పెట్టె జాలీ మీద పెట్టడం ఒక పూట గట్టెక్కిస్తుంది, వేసవిని కాదు.

ఇంకొన్ని అడ్డంకులున్నాయి. విదేశీ సరీసృపాన్ని దేశంలోకి తేవాలంటే ప్రభుత్వ అనుమతులు కావాలి. సంచిలో దాచి తేవడం నేరం. మన చుట్టుపక్కల పశువైద్యులు ప్రధానంగా గేదెలు, ఆవులు, గొర్రెలు చూస్తారు. బల్లి దవడ మెత్తబడితే చూసేవారి కోసం హైదరాబాద్ పోవాల్సి రావచ్చు. ఇది ఒకటి రెండేళ్ల ముచ్చట కూడా కాదు. బాగా చూసుకుంటే కుచ్చుబల్లి 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. పదో తరగతి పిల్లవాడు కొన్న బల్లి అతని పెళ్లినాటికీ ఉంటుంది. చదువుకో ఉద్యోగానికో అతను ఊరు విడిస్తే ఇంట్లో ఎవరు చూస్తారు?

అలాగని బల్లుల మీద ఆసక్తి చంపుకోనక్కర్లేదు. తిరుమల కొండల్లో బంగారు బల్లి ఉంది. తూర్పు కనుమల్లోని రాతి చరియలే దాని నివాసం, వన్యప్రాణి చట్టం దానికి గట్టి రక్షణ ఇచ్చింది. 2009లో హైదరాబాద్ ప్రాంతపు బండల నుంచి హెమిడాక్టిలస్ ట్రాయిట్లెరీ అనే కొత్త జాతిని వర్ణించారు. 2022లో విశాఖపట్నం నుంచి చిత్రమైన చారలున్న యూబ్లెఫారిస్ పిక్టస్ అనే జాతి లోకానికి పరిచయమైంది. జనం తిరిగే కొండల్లో, కోటల చుట్టూ ఇన్నాళ్లూ ఎవరూ గుర్తుపట్టని బల్లులున్నాయన్నమాట. వీటిని పట్టి తెచ్చి పెట్టెలో పెట్టే హక్కు మనకు లేదు. చూసే హక్కు అందరికీ ఉంది.

దానికి ఖర్చు కూడా లేదు. ఒక ఉష్ణమాపకం, ఒక నోటుపుస్తకం చాలు. మీ వసారాలో ట్యూబులైటు దగ్గరికి మొదటి బల్లి ఎన్ని గంటలకు వచ్చింది, అప్పుడు వేడి ఎంత, ఏ పురుగును పట్టింది, తొలకరికి ఉసిళ్లు లేచిన రాత్రి ఎన్ని బల్లులు చేరాయి, డిసెంబరు చలిలో ఎన్ని రాలేదు, ఏడాదిపాటు రాయండి. పైన చెప్పిన పాఠాలన్నీ మీ గోడ మీదే కనిపిస్తాయి.

ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా కుచ్చుబల్లి పిల్ల ఉంటే మూడు పనులు తప్పనిసరి: పెట్టె లోపల 26 డిగ్రీలు దాటనివ్వకండి, అరటిపండును నమ్ముకోకుండా కాల్షియం చూసుకోండి, సాయంత్రం నీళ్లు చల్లండి. ఇంకా కొననివారికి చెప్పేది ఒకే మాట. వేడి నెలలంతా ఏసీ నడిపే స్తోమత, కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు, ఇరవై ఏళ్ల ఓపిక ఉంటే తప్ప భీమ్‌గల్‌లో కుచ్చుబల్లిని కొనవద్దు.